ఒక రోజు, ఒక ఏడాది, మూడేళ్ళు

నన్నయ మా ఊరివాడేనని తణుకు వాళ్ళు చెప్పుకుంటారు. చెప్పుకోనీండి, మాకూ సంతోషమే. కానీ ఆదికవి పేరు చెప్పుకునే ఊళ్ళో ఒకసారి కోర్టు మెట్లెక్కి చూడండి. అక్కడ వినబడే మాటలు సగం మా ఇంటివి. ఫిర్యాదు మాది. దావా మాది. వకాల్తా, హాజరు, వాయిదా, జామీను, జప్తు, జరిమానా, ఖైదు, నకలు అన్నీ మావే. అరబ్బీ నుంచీ, పార్సీ నుంచీ బయల్దేరి, ఉర్దూ మీదుగా నడిచొచ్చి తెలుగు కోర్టుల్లో కూచున్న మాటలు. తురక మాటలని వీటినెవరూ బయటికి గెంటలేదు. గెంటితే కోర్టులు మూగబోతాయి.

ఆ మాటల్లో ఒకటి రాజీ. ఉర్దూలో రాజీ అంటే ఇష్టపడటం, మనసారా ఒప్పుకోవడం. నికా రోజున ఆడపిల్లని అడిగేది ఆ ఇష్టాన్నే. తెలుగులోకి వచ్చేసరికి రాజీ అంటే తగ్గడం, సర్దుకుపోవడం అయింది. భాషలో అర్థాలు మారుతూనే ఉంటాయి, దానికి నాకు గొడవ లేదు. నా గొడవల్లా మా ఆడవాళ్ళ బతుకుల్లో ఈ రెండర్థాల్నీ కలిపేసి వాడటం గురించి. ముందు ఆమెని తగ్గిస్తారు. తగ్గిన తర్వాత, ఇష్టపడే తగ్గిందని కాగితం రాయించుకుంటారు.

ఆ కాగితం మీద సంతకం పెట్టనన్న ఒక మనిషి కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆమె పేరు చెప్పను. మెట్టినూరు చెప్పను. పుట్టిల్లు మాత్రం తణుకు. అత్తింట్లో తొమ్మిదేళ్ళు దెబ్బలు తిని, ఇద్దరు పిల్లల్ని తీసుకుని తల్లి దగ్గరికొచ్చేసింది. జాకెట్లు కుట్టి బతుకుతోంది. నెలల తరబడి తిరిగితే కోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. అతను ఆమెని కొట్టకూడదు, ఆమె ఉండే ఇంటికి రాకూడదు, ఫోన్ చేసి బెదిరించకూడదు. ఆ ఉత్తర్వు నకలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నికానామా పక్కనే దాచుకుంది. పదకొండో రోజు రాత్రి అతను వచ్చాడు. తలుపు తన్ని లోపలికొచ్చి, కుట్టుమిషను ఎత్తి వీధిలో పడేశాడు. అడ్డమొచ్చిన తల్లిని నెట్టేశాడు.

తెల్లారి ఆమె నకలు పట్టుకుని స్టేషన్‌కి వెళ్ళింది. ఏ స్టేషనో చెప్పను, అన్ని స్టేషన్లూ తమ ముఖం తాము చూసుకోవచ్చు. అక్కడాయన కాగితం తిరగేసి, ‘ఏమ్మా, మీకు మీ లా వేరే ఉందిగా, మీ ఖాజీ దగ్గరికెళ్ళు’ అన్నాడు. ఆమె జమాత్ పెద్ద దగ్గరికెళ్ళింది. ఆయన గడ్డం నిమురుకుంటూ, ‘బేటీ, మన ఇంటి గుట్టు కచేరీకి ఎక్కించావు, ఇప్పుడింకా పోలీసుల దాకానా? సబర్ చెయ్యి. అబ్బాయిని పిలిపించి రాజీ చేయిస్తాం’ అన్నాడు.

ఒకాయన ఆమెని ముస్లిం అని బయటికి పంపాడు. ఇంకొకాయన ముస్లిం అనే లోపల కూచోబెట్టాడు. మధ్యలో ఆమె ఆడమనిషన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

నన్ను అడిగింది, ‘భాయ్, మరి ఈ కాగితం దేనికి?’

దేనికో చెప్తాను. ఆమెకి చెప్పిందే మీకూ చెప్తాను. ఎందుకంటే ఈ సంగతి తెలియని చదువుకున్నవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు.

గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. అది హిందువుల చట్టం కాదు, ముస్లింల చట్టం కాదు. దెబ్బలకి మతం లేదు కాబట్టి దానికీ లేదు. ఆ చట్టంలో 18వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇస్తారు. ఆ ఉత్తర్వుని గానీ, కేసు తేలేలోపు ఇచ్చే మధ్యంతర రక్షణ ఉత్తర్వుని గానీ దాటితే, దాటడమే నేరం. 31వ సెక్షన్ ప్రకారం ఏడాది దాకా ఖైదు, లేదా ఇరవై వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కొత్తగా కొట్టాడా, ఎముక విరిగిందా అని ఎవరూ లెక్కలు తీయనక్కర్లేదు. రావద్దన్న గడప దగ్గరికి వచ్చాడు. అది చాలు.

32వ సెక్షన్ ఇంకా స్పష్టం. ఈ నేరానికి పోలీసులు కోర్టు అనుమతి కోసం చూడకుండా కేసు కట్టొచ్చు, అరెస్టు చెయ్యొచ్చు. స్టేషన్లో జామీను ఇచ్చి పంపేసే నేరం కాదిది, బెయిలు ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు చూసుకుంటుంది. అన్నిటికన్నా పెద్ద మాట ఇంకోటి ఉంది. బాధితురాలి ఒక్క సాక్ష్యం మీదే నేరం జరిగిందన్న నిర్ణయానికి కోర్టు రావచ్చు. అర్ధరాత్రి సందులో జరిగిన దానికి సాక్షుల్ని ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఆ సంగతి చట్టం రాసినవాళ్ళకి తెలుసు. స్టేషన్లో కూచున్నాయనకే తెలియలేదు.

స్టేషన్ తలుపు మూసుకుంటే దారి అయిపోలేదు. రక్షణాధికారికి రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. నేరుగా మేజిస్ట్రేటు ముందుకే పోవచ్చు. వీలైనంతవరకూ ఉత్తర్వు ఇచ్చిన మేజిస్ట్రేటే ఆ ఉల్లంఘన కేసు విచారించాలని చట్టం. అభియోగాలు మోపేటప్పుడు, వేధింపుల నేరం కూడా బయటపడితే దాన్నీ కలపొచ్చు. మేజిస్ట్రేటు చెప్పిన పని సరైన కారణం లేకుండా చెయ్యని రక్షణాధికారికి కూడా ఏడాది దాకా శిక్ష ఉంది. కాకపోతే దానికి ప్రభుత్వం ముందుగా అనుమతి ఇవ్వాలి. తన మనిషిని శిక్షించడానికి తనే అనుమతి ఇచ్చుకోవాలి. అదెంత తొందరగా వస్తుందో మీరే ఊహించుకోండి.

చట్టంలో కంతలు లేవనను. 31వ సెక్షన్ రక్షణ ఉత్తర్వు గురించే మాట్లాడుతుంది. మనోవర్తి డబ్బు కట్టకపోతే ఈ సెక్షన్ వర్తించదని కొన్ని హైకోర్టులు అన్నాయి. డబ్బు ఎగ్గొట్టినవాడి మీద వేరే దారిన వసూలుకి పోవాలి. అందుకే ఉత్తర్వులో ఏ మాట ఏ సెక్షన్ కింద రాశారో వకీలుని అడిగి తెలుసుకోండి. ఆ ఒక్క అంకె మీద ఏడాది ఖైదు ఆధారపడి ఉంటుంది.

ఇప్పుడు జమాత్ పెద్దలకి ఒక ముఖ్యమైన సంగతి. 25వ సెక్షన్ చదవండి, లేదా చదివించుకోండి. రక్షణ ఉత్తర్వు ఆమె స్వయంగా రద్దు కోరే దాకా అమల్లో ఉంటుంది. పరిస్థితులు మారాయని ఎవరైనా అడిగితే మార్చాల్సింది మేజిస్ట్రేటు, కారణాలు రాసి మరీ మార్చాలి. మీ గదిలో చాప మీద కూచోబెట్టి, టీ తాగించి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించినంత మాత్రాన ఆ ఉత్తర్వు పోదు. మీ మాట మీద ధైర్యం తెచ్చుకుని ఆ అబ్బాయి మళ్ళీ ఆ గడప తొక్కితే, నేరస్థుడయ్యేది అతనే. అతని బాగు కోరేవాళ్ళే అయితే మీరు చెప్పాల్సింది ఒకటే మాట, ‘అటు పోకు.’

‘మీకు మీ లా ఉంది’ అన్నాయనకి కూడా జవాబుంది. 2014లో జువేరియా పట్నీ కేసులో సుప్రీంకోర్టు, విడాకులైన ముస్లిం స్త్రీ కూడా కాపురంలో ఉండగా పడ్డ హింసకి ఈ చట్టం కింద కోర్టుకి రావచ్చని చెప్పింది. 2024 జూలై 10న, మన తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులోనే, విడాకులైన ముస్లిం స్త్రీకి అందరు స్త్రీల లాగే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద మనోవర్తి అడిగే హక్కుందని తేల్చింది. 1985 షాబానో తీర్పు నుంచి లెక్కేస్తే ముప్ఫై తొమ్మిదేళ్ళు. ఇన్నేళ్ళుగా మా ఆడవాళ్ళు కోర్టు కోర్టుకీ ఎక్కి సాధించుకున్నదాన్ని, స్టేషన్లో ఒక మనిషి చేత్తో తోసేస్తాడా?

ఇంత చెప్పాక కూడా నాకు ఒక సంగతి మింగుడు పడదు. ఉత్తర్వు రాయడం వేరు, దాన్ని కాపలా కాయడం వేరు. మా వైపు వాళ్ళకిది కొత్తగా చెప్పక్కర్లేదు. 2006లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో కొల్లేరులో చేపల చెరువుల గట్లు పగలగొట్టడం అందరం చూశాం. ఆ తర్వాతి ఏళ్ళలో గట్లు మళ్ళీ లేవడమూ అందరం చూశాం. ఉత్తర్వు అక్కడే ఉంది, గట్టూ అక్కడే ఉంది. ఎవరి గట్టు ఎంత ఎత్తన్నది ఎవరి చెయ్యి ఎంత పొడుగన్న దాన్నిబట్టి ఉంటుంది.

కొల్లేరులో గట్టు. దేశంలో దీనికన్నా పెద్దది ఒకటి ఉంది. ముస్లిం అన్నవాడు కోర్టు ఉత్తర్వు అన్న మాట వినగానే గుర్తు తెచ్చుకునేది అదే.

అయోధ్యలో కట్టడాలేవీ కట్టొద్దని అలహాబాద్ హైకోర్టు చెప్పింది. ఆ ఉత్తర్వులకి కట్టుబడతామని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకి మాటిచ్చింది. 1991 నవంబరు 15న కోర్టు ఆ మాటని రాసుకుంది. 1992 జూలైలో అక్కడ సిమెంటు చబూతరా లేచింది. ఆ ఉల్లంఘనకి అప్పటి ముఖ్యమంత్రి కల్యాణ్ సింగ్‌కి 1994 అక్టోబరు 24న సుప్రీంకోర్టు వేసిన శిక్ష ఒక్క రోజు ఖైదు, రెండు వేల రూపాయల జరిమానా. ఇది చబూతరాకి. మరి డిసెంబరు 6కి? మసీదు కూల్చడం యథాతథ స్థితి ఉత్తర్వునీ, కోర్టుకిచ్చిన హామీనీ ఉల్లంఘించి జరిగిందని 2019 నవంబరు 9 తీర్పులో కోర్టే రాసింది. స్థలం మాత్రం అవతలి వాళ్ళకి వెళ్ళింది. 2020 సెప్టెంబరు 30న సీబీఐ ప్రత్యేక కోర్టు ముప్ఫై రెండు మంది నిందితుల్నీ నిర్దోషులంది. కూల్చివేత మీద వేసిన కోర్టు ధిక్కార పిటిషన్లని, కాలం గడిచిపోయిందని 2022 ఆగస్టు 30న మూసేశారు. అదే ఏడాది కల్యాణ్ సింగ్‌కి మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చారు.

నాలుగు వందల ఏళ్ళు దాటిన మసీదు విషయంలో ఉత్తర్వు దాటితే ఒక రోజు.

ఇది పాత కథ అనకండి. 2022 ఏప్రిల్ 20న ఢిల్లీ జహంగీర్‌పురీలో కూల్చివేతలు ఆపమని సుప్రీంకోర్టు చెప్పిన తర్వాత కూడా బుల్‌డోజర్లు కొంతసేపు నడిచాయి. టీవీలో దేశమంతా చూసింది. 2024 నవంబరు 13న అదే కోర్టు, పదిహేను రోజుల నోటీసు లేకుండా ఇళ్ళు కూల్చొద్దనీ, దాటితే అధికారులు ధిక్కారం కింద జవాబు చెప్పాలనీ, కూల్చింది సొంత ఖర్చుతో కట్టివ్వాలనీ చెప్పింది. మంచిమాటే. కానీ ఆ మాట వచ్చేలోపు ఎన్ని గోడలు నేలకొరిగాయి?

ఇక మూడేళ్ళ సంగతి. మూడుసార్లు తలాక్ అని ఒక్క ఊపిరిలో భార్యని వదిలేసేవాణ్ణి నేను సమర్థించడం లేదు. ఎన్నడూ సమర్థించలేదు. అలాంటి తలాక్ సరైన కారణం లేకుండా, రాజీ ప్రయత్నం లేకుండా చెల్లదని 2002లోనే షమీమ్ ఆరా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2017 ఆగస్టు 22న షాయరాబానో కేసులో దాన్ని పూర్తిగా కొట్టేసింది. అంటే ఆ మాట అన్నా పెళ్ళి పోదు. గాలిలో కలిసే మాట. ఆ గాలి మాటకి 2019 చట్టం మూడేళ్ళ దాకా ఖైదు పెట్టింది. భార్యని నడిరోడ్డు మీద వదిలేసి పోయిన హిందూ భర్తకి, వదిలేసినందుకు ఒక్క రోజు జైలు లేదు. అదే పని ముస్లిం ఒక అరబ్బీ మాట అని చేస్తే మూడేళ్ళు.

మూడు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. సుప్రీంకోర్టుకిచ్చిన మాట తప్పిన ముఖ్యమంత్రికి ఒక రోజు. మేజిస్ట్రేటు ఉత్తర్వు తన్నేసి భార్య కుట్టుమిషను విరగ్గొట్టినవాడికి ఏడాది దాకా, అది కూడా కేసు కడితే. చెల్లని మాట అన్న ముస్లింకి మూడేళ్ళ దాకా. ముస్లిం స్త్రీ మీద ప్రేమతోనే మూడేళ్ళు పెట్టామన్నారు కదా. ఆ ప్రేమ నిజమైతే, ఉత్తర్వు నకలు పట్టుకుని స్టేషన్ గుమ్మంలో నిలబడ్డప్పుడు ఏమైపోయింది? తలాక్ అన్నాడని చెప్పి ఉంటే ఆమెకి కుర్చీ వేసేవాళ్ళేమో. కొట్టాడని చెప్పింది, అదే ఆమె తప్పు.

మూడేళ్ళ చట్టానికీ, ఏడాది చట్టానికీ తేడా అంకెల్లోనే లేదు. మూడేళ్ళ చట్టం మొగుణ్ణి లోపలేస్తుంది. ఆమెని రక్షించే ఒక్క అడ్డుగోడ కూడా కట్టదు. రక్షణ ఉత్తర్వు ముందు గీత గీస్తుంది, దాటొద్దని చెప్తుంది. దాటితేనే శిక్ష. మగవాడికి మనిషిగా ఆగే అవకాశం ఇస్తుంది, ఆడమనిషికి తన గడప తన చేతికిస్తుంది. ఇందులో షరీఅత్‌కి వ్యతిరేకం ఏముంది? నికా ఒక ఒప్పందమని మనమే కదా గర్వంగా చెప్పుకుంటాం. ఒప్పందానికి రెండు వైపులుంటాయి. తెగేదాకా వస్తే రెండు కుటుంబాల నుంచీ మధ్యవర్తుల్ని పెట్టమంది మన ధర్మం. కొట్టినవాడి వైపు పెద్దలే రెండు వైపులా కూచోమనలేదు.

ఇక్కడ ఆ జమాత్ పెద్ద మనసులో ఉన్న ఇంకో భయం గురించి కూడా చెప్పాలి. అది చెప్పకపోతే నేను అబద్ధమాడినట్టే. ఆయన అంతటితో ఆగలేదు. నా వైపు తిరిగి, ‘పేపర్లో పనిచేస్తావు, నీకు తెలీదా? మన పిల్లాణ్ణి మన చేత్తో పోలీసులకి అప్పగించమంటావా?’ అన్నాడు.

నాకు తెలుసు. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిపోయిందీ మావాళ్ళే, ఆ తర్వాత పట్టుకుపోయి చిత్రహింసలు పెట్టిందీ మా పిల్లల్నే. తర్వాత నిర్దోషులని తేలింది. పోయిన ఉద్యోగాలు, ఆగిన చదువులు, తప్పిపోయిన పెళ్ళిళ్ళు తిరిగి రాలేదు. కాబట్టి సాయిబుకి పోలీసంటే భయం ఉంటే అది పిరికితనం కాదు, అనుభవం. ఉత్తర్వు చేత్తో పట్టుకున్న ఆమెకి కూడా ఆ భయం ఉంది. ‘లోపలేసి ఇంకేదో కేసు తగిలిస్తారేమో భాయ్, ఎంతైనా నా పిల్లల తండ్రి’ అంది. కొట్టినవాడి గురించి ఆమె ఇంత ఆలోచిస్తోంది. ఆమె గురించి ఎవరాలోచించారు?

నేనడిగేది ఇదే. పోలీసు భయం నిజమే. రాజ్యం మన మీద పగబట్టిందన్నదీ నిజమే. కానీ ఆ భయానికి ఖరీదు ఎప్పుడూ ఆడవాళ్ళే ఎందుకు కట్టాలి? రాజ్యం మగవాణ్ణి కొడితే కౌమ్ అంతా ఊరేగింపు తీస్తుంది. మగవాడు ఆడదాన్ని కొడితే కౌమ్ అంతా సబర్ చెయ్యమంటుంది. కౌమ్ పరువు మొత్తం ఆమె వీపు మీదే మోయించాలా? బయట మనకి జరుగుతున్న అన్యాయాన్ని చూపించి, లోపల మనం చేసే అన్యాయాన్ని దాచుకుంటే, ఆ ఒక్క రోజు శిక్ష గురించి అడిగే హక్కు మనకి మిగలదు. ఉత్తర్వుని మేం దాటొచ్చు, మీరు దాటకూడదు అంటే మనకీ ఆ ముఖ్యమంత్రికీ తేడా ఏమిటి?

లౌకిక మిత్రులకీ ఒక మాట. ముస్లిం స్త్రీ అనగానే మీకు గుర్తొచ్చేవి రెండే, బురఖా, తలాక్. ఆ రెంటి మీదా ఎన్ని వ్యాసాలైనా రాస్తారు. ఆమె కుట్టుమిషను ఎవరు విరగ్గొట్టారో అడగరు. స్టేషన్ గుమ్మంలో ఆమె పక్కన నిలబడరు. ఆమెని చూసి జాలిపడకండి. ఆమెతోపాటు వెళ్ళి, ‘ఇది 31వ సెక్షన్, కేసు కట్టండి’ అనండి. మీ లౌకికత్వానికి పరీక్ష అక్కడుంది.

పోలీసువారికి చెప్పడానికి పెద్దగా లేదు. ఆమె తెచ్చింది అర్జీ కాదు, మేజిస్ట్రేటు ఉత్తర్వు. ఆ ఉత్తర్వు నకలు ఆ ప్రాంతం స్టేషన్‌కి ఉచితంగా పంపాలని చట్టంలోనే ఉంది. కాబట్టి తెలియదనడం కుదరదు. ఖాజీ దగ్గరికి పొమ్మనే అధికారం మీకెవరూ ఇవ్వలేదు.

చివరికి ఆమె ఏం చేసిందంటారా? రాజీ కాగితం మీద సంతకం పెట్టలేదు. తల్లిని వెంటబెట్టుకుని నేరుగా మేజిస్ట్రేటు ముందుకే వెళ్ళింది. విరిగిన మిషను చక్రం సంచిలో వేసుకుని మరీ వెళ్ళింది. కేసు నడుస్తోంది. మిషను అప్పు చేసి బాగు చేయించుకుంది. ఆ రోజు తర్వాత అతను ఆ సందులోకి రాలేదు. ఏడాది ఖైదు పడుతుందో లేదో నాకు తెలియదు. కానీ గీత దాటితే అడిగే మనిషి ఉందని అతనికి తెలిసింది.

మొన్న కనబడితే ‘ఏమైంది ఆపా?’ అన్నాను. ‘మళ్ళీ వాయిదా పడింది’ అంది. వాయిదా కూడా మా ఇంటి మాటే. అసలు అర్థం మాటివ్వడం. కోర్టు ఆమెకి ఒక మాటిచ్చింది. అయోధ్య విషయంలో మాకు దక్కని మాటది. కనీసం ఈ సందులోనైనా, ఈ గడప దగ్గరైనా ఆ మాట నిలబడాలి. నిలబడేలా చూడాల్సింది ముందు మనమే.